మామిడిపళ్ళ గ్రూపులో పదకొండు తుపాకులు

భీమశంకరానికి టపాకాయలంటే భయం. దీపావళి నాడు అమెరికాలోని ఆష్‌బర్న్ తెలుగువాళ్ళు డ్రైవ్‌వేలో చిచ్చుబుడ్డి వెలిగించి, అగ్గిపెట్టె అక్కడే పారేసి పరుగులు తీస్తుంటే, ఈయన అంతకుముందే ఇంట్లోకి వెళ్ళి చెవుల్లో దూది కుక్కుకుని కూర్చుంటాడు. అలాంటి మనిషికి, నమ్మితే నమ్మండి, తుపాకుల దుకాణం ఉండేది. ఆష్‌బర్న్‌కి పావుగంట దూరంలో, స్టెర్లింగ్‌లో, గోళ్ళకు రంగులేసే పార్లరుకీ టైర్ల షాపుకీ మధ్య, ‘హార్లన్ గన్స్’ అని వెలిసిపోయిన బోర్డు కింద.

ఆయన ప్రేమ తుపాకుల మీద కాదు, ఫారాల మీద. తణుకు నుంచి టెస్టింగ్ ఇంజనీరుగా వచ్చి, పన్నెండేళ్ళు గ్రీన్‌కార్డు క్యూలో నిలబడిన మనిషి. ఆ పన్నెండేళ్ళలో అమెరికా ప్రభుత్వం వారి ఫారాలన్నీ ఆయనకు నోటికొచ్చేశాయి. పార్సిప్పనీలో ఉన్న రోజుల్లో అపార్ట్‌మెంట్ కాంప్లెక్సు మొత్తానికి వీసా ఎక్స్‌టెన్షన్ కాగితాలు ఆయనే నింపేవాడు. నల్ల ఇంకు పెన్ను, గుండ్రటి అక్షరాలు, ఎక్కడా ఒక్క కొట్టివేత ఉండదు. ఆయన నింపిన కాగితం ఒక్కటి కూడా వెనక్కి తిరిగి రాలేదు. దానికి ఫీజు కప్పు కాఫీ, అదీ ఇంటివాళ్ళకు గుర్తుంటే.

సిటిజన్ అయిన రెండేళ్ళకు కంపెనీ ఉద్యోగం పీకేసింది. యాభై దాటిన టెస్టరుకి ఇంటర్వ్యూలో ముందు నీళ్ళ సీసా ఇస్తారు, తర్వాత ‘సారీ’ అని ఈమెయిల్ ఇస్తారు. అలా పద్నాలుగు నీళ్ళ సీసాలు తాగాక, ‘కాగితాల పనికి మనిషి కావాలి’ అని హార్లన్ షాపు అద్దానికి అంటించిన చీటీ చూసి లోపలికి వెళ్ళాడు. హార్లన్ అనే ఆ ముసలాయన తుపాకీ విప్పి కళ్ళు మూసుకుని బిగించగలడు గానీ, రిజిస్టరు రాయమంటే మాత్రం దేవుడే దిక్కు. ఏ తుపాకీ ఏ రోజు వచ్చింది, ఏ రోజు ఎవరి చేతికి పోయింది అన్నది ప్రతి షాపూ రాసి పెట్టుకోవాలి. తొమ్మిదేళ్ళ తప్పుల్ని భీమశంకరం ఆరు వారాలు కూర్చుని, ఫోన్లు చేసి, రసీదులు వెతికి సరిచేశాడు. తనిఖీకి వచ్చిన ఫెడరల్ ఆఫీసరు రెండు రోజులు తవ్వినా ఒక్క తప్పూ దొరక్క మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రం హార్లన్ ఆయన భుజం తట్టి, “నువ్వు లేకపోతే ఈ షాపు లేదు,” అన్నాడు. ఈ దేశంలో ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఆయనతో ఆ మాట అనలేదు.

హార్లన్ చేపలు పట్టుకోడానికి ఫ్లారిడా వెళ్ళిపోతూ షాపు అమ్మకానికి పెడితే, భీమశంకరం రిటైర్‌మెంట్ సొమ్ములో సగం తీసి కొనేశాడు. లైసెన్సు తన పేరు మీద తెచ్చుకుని, ఫ్రేము కట్టించి, వేంకటేశ్వర స్వామి పటం పక్కన తగిలించాడు. ఆయన భార్య జయంతి మాత్రం తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్కుల్లో ఎవరైనా అడిగితే, “మావారిది స్పోర్టింగ్ గూడ్స్ బిజినెస్ అండీ,” అనేది. పాపం, ఒకావిడ క్రికెట్ బ్యాటు కోసం షాపు దాకా వచ్చి, గోడకున్న సరుకు చూసి గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది.

మొదట్లో వ్యాపారం బాగానే నడిచింది. తర్వాత జనానికి ఫోన్లు వచ్చాయి, ఫోన్లలోకి తుపాకులు వచ్చాయి. చీరల కొట్లో గుట్టలు గుట్టలుగా విప్పించి ‘మళ్ళీ వస్తాం’ అని లేచిపోయేవాళ్ళను చిన్నప్పటి నుంచీ చూసినవాడే కాబట్టి చూసి కొనకుండా పోయినా ఆయన బాధపడేవాడు కాదు. ఇక్కడి సంగతి ఇంకా దారుణం. షాపుకొచ్చి గంటసేపు ప్రశ్నలేస్తారు, చేత్తో పట్టుకుని బరువు చూస్తారు, ఆయన కౌంటరు మీదే మోచేతులు ఆనించి ఫోనులో నలభై డాలర్లు తక్కువకి ఆర్డరు పెడతారు. ఆన్‌లైన్‌లో కొన్న తుపాకీ తిన్నగా ఇంటికి రాదు, చట్టం ఒప్పుకోదు. లైసెన్సున్న షాపుకే రావాలి, అక్కడ ఫారం నింపాలి, పోలీసు తనిఖీ కావాలి, అప్పుడే మనిషి చేతికి. అంచేత వారం తిరక్కుండా అది భీమశంకరం దగ్గరికే వచ్చి పడుతుంది. తనను మింగేస్తున్న కంపెనీకి తనే డెలివరీ కౌంటరు అన్నమాట. ఆ సేవకి ట్రాన్స్‌ఫర్ ఫీజు అని ముప్పై డాలర్లు పుచ్చుకునేవాడు.

ఆ ఏడు జూన్ నెలాఖరుకి షాపు లీజు అయిపోతుంది. ఇంకో ఐదేళ్ళకి సంతకం పెట్టాలా, షట్టరు దించాలా అన్నది ఈలోపే తేలాలి. లెక్కలు దించమంటున్నాయి. ఆయన మనసు ఒప్పుకోవడం లేదు. యాభై దాటాక ఎవరైనా ‘నువ్వు పనికొస్తావు’ అన్నారంటే ఈ నాలుగు గోడల మధ్యే అన్నారు. ఇది పోతే మళ్ళీ నీళ్ళ సీసాలే.

మార్చిలో ఆష్‌బర్న్‌లో దొంగలు పడ్డారు. ఒకే శనివారం సాయంత్రం మూడు తెలుగు ఇళ్ళు. వాళ్ళు పెద్దగా కష్టపడింది కూడా లేదు. ఒక ఇంటి ముందు నలభై జతల చెప్పులున్నాయంటే, అదే వీధిలో గుమ్మానికి ప్లాస్టిక్ తోరణాలున్న మిగతా ఇళ్ళన్నీ ఖాళీ అని వాళ్ళకు తెలిసిపోయింది. బంగారం బియ్యం డబ్బాలో ఉంటుందని కూడా తెలిసిపోయింది. బ్యాంకు లాకరు అద్దె ఏడాదికి నాలుగు ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీల ఖరీదు. ఆ ముక్క ఎవరికీ తట్టలేదు. తుపాకీ తట్టింది.

ముందుగా తట్టింది జగదీష్‌కి. డేటా సెంటర్లో డైరెక్టరు. కమ్యూనిటీలో ఏది చేయాలన్నా ఆయనే. ముఖ్యంగా మామిడిపళ్ళు. ఏటా మే నెలలో విమానంలో దిగే బంగినపల్లి పెట్టెలు ఊరందరి తరఫునా ఆయన పేరు మీదే ఆర్డరు, డల్లెస్ ఎయిర్‌పోర్టు నుంచి ఆయన మినీవ్యాన్‌లోనే రవాణా, ఆయన గరాజ్‌లోనే పంపకం. దానికొక వాట్సాప్ గ్రూపు, ఒక గూగుల్ షీటు ఉన్నాయి.

జగదీష్ ఒక ఆదివారం షాపుకొచ్చాడు.

“భీమశంకరం గారూ, హోమ్ డిఫెన్స్‌కి ఏది బెస్టండీ?”

“ముందు సేఫ్ కొనండి జగదీష్ గారూ. బంగారం అందులో పెట్టండి. తర్వాత ఒక సేఫ్టీ క్లాసు తీసుకోండి. ఆ తర్వాత ఇంకా కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం.”

“అబ్బే, గన్ చూపించండి. లుక్ అండ్ ఫీల్ తెలియాలి కదా.”

గంటన్నర చూపించాడు. మామూలు పంప్ షాట్‌గన్ చాలన్నాడు, ఎందుకో విడమర్చి చెప్పాడు. జగదీష్ దాన్ని భుజానికెత్తి నాలుగు రకాలుగా ఫోటోలు తీయించుకున్నాడు. ఫోటో తీసింది కూడా భీమశంకరమే. తర్వాత అదే ఫోనులో వేలు ఆడించి, “ఆన్‌లైన్‌లో ఫార్టీ తక్కువుందండీ. మ్యాచ్ చేస్తారా?” అన్నాడు.

“నేను డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొనేదే ఆ రేటుకండీ.”

“పోనీ మీ ట్రాన్స్‌ఫర్ ఫీజైనా తగ్గించండి. థర్టీ ఈజ్ టూ మచ్. ట్వంటీ చేయండి, మనలో మనం.”

‘మనలో మనం’ అన్న మాట భీమశంకరానికి అలవాటే. ఫారాల రోజుల నుంచీ వింటున్నదే. నవ్వి ఊరుకున్నాడు, తగ్గించలేదు.

జగదీష్ ఇంటికెళ్ళి చూస్తే ఆ ఆన్‌లైన్ కంపెనీవాడు పది కొంటే పదకొండోది ఫ్రీ అంటున్నాడు. తెలుగువాడికి ఆ మాట చూపించడం మహాపాపం. జగదీష్ వెంటనే మామిడిపళ్ళ షీటు తెరిచి, ‘పెట్టెలు ఎన్ని’ అన్న గడి పక్కనే ‘గన్స్ ఎన్ని’ అని ఇంకో గడి పెట్టేశాడు. గ్రూపులో వరసగా ప్లస్ వన్‌లు పడ్డాయి. ‘నాకు రెండు బాక్సులు, ఒక గన్.’ ‘గన్‌కి వారంటీ ఉంటుందా?’ ‘బాక్సుకి పళ్ళెన్ని?’ ‘మా ఆవిడ లైట్‌వెయిట్‌ది అడుగుతోంది.’ సాయంత్రానికి పదకొండు నిండిపోయాయి. అంతా చదువుకున్నవాళ్ళే. కంపెనీ ల్యాప్‌టాప్ మీద స్టిక్కరు అంటించాలన్నా పాలసీ చదివే జనం. ఇక్కడ మాత్రం ఒక్కడు కూడా ఒక్క రూలు వెతకలేదు. పళ్ళకి లేనిది దీనికెందుకు అనుకున్నారు కాబోలు.

మే మొదటి వారంలో భీమశంకరం షాపుకి జగదీష్ పేరు మీద పదకొండు పొడుగాటి పెట్టెలు వచ్చాయి. ఈ పెద్దమనిషికి ఏమైనా పిచ్చి పట్టిందా అనుకున్నాడు గానీ, ఈ దేశంలో మనిషికి ఇన్నే తుపాకులుండాలని అడ్డుచెప్పడం తన పని కాదు. పదకొండు నంబర్లూ రిజిస్టరులో పొందిగ్గా రాసుకున్నాడు.

శనివారం పొద్దున జగదీష్ మినీవ్యాను వచ్చి ఆగింది, వెనకాలే ఇంకో ఐదు కార్లు. అదే రోజు మామిడిపళ్ళు కూడా దిగాయి. తలుపు తీయగానే షాపు నిండా బంగినపల్లి వాసన. పది మంది మగాళ్ళు లోపలికొచ్చి, పెట్టెల చుట్టూ మూగి, అటూ ఇటూ ఊపి చూడటం మొదలుపెట్టారు.

“అంకుల్, నాది ఏది? గీతలు లేని బాక్సు జర చూసి ఇయ్యరా?” అన్నాడు కౌశిక్. ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడు, కరీంనగర్ నుంచి వచ్చి ఇంకా హెచ్ వన్ వీసా మీదే ఉన్నాడు.

‘నాది’ అన్న మాట భీమశంకరం చెవిన పడింది. అయినా పద్ధతి ప్రకారం కౌంటరు మీద ఫారం పరిచి, నల్ల ఇంకు పెన్ను తీసి, అసలు ప్రశ్న దగ్గరికొచ్చాడు.

“జగదీష్ గారూ, ఇవన్నీ నిజంగా కొంటున్నది మీరేనా? మీకోసమేనా?”

“భలేవారే, నాకెందుకండీ పదకొండు? ఒకటి నాది. మిగతావి మనవాళ్ళవి. జస్ట్ బల్క్ ఆర్డర్. షీటు కూడా ఉంది, చూపించనా?”

చూపించాడు కూడా. ప్రపంచంలో తన నేరానికి తనే ఎక్సెల్ రిపోర్టు తయారుచేసి, రంగులేసి, పేర్లతో సహా తెచ్చిచ్చినవాడు జగదీష్ ఒక్కడే అయ్యుంటాడు.

భీమశంకరం పెన్ను కింద పెట్టాడు. “అయితే ఇవ్వడానికి కుదరదండీ. ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి, ఎవరి ఫారం వాళ్ళే నింపాలి. ఒకరి పేరు మీద కొని ఇంకొకరికివ్వడం ఫెడరల్ నేరం. ఆ గడిలో అబద్ధం రాస్తే మీకు జైలు. తెలిసీ ఇచ్చినందుకు నాకు జైలు.”

అందరూ నవ్వారు. ఈయన జోకేస్తున్నాడనుకున్నారు.

“ఇందులో వీసా మీద ఉన్నవాళ్ళెవరు?” అని అడిగాడు.

బళ్ళో మేష్టారు అడిగినట్టు నలుగురు చేతులెత్తారు.

“మీకు వేట లైసెన్సు ఉందా? అది లేకుండా మీరు తుపాకీ ముట్టుకోకూడదు బాబూ. కొనడం మాట తర్వాత.”

“వేటనా?” కౌశిక్ అదిరిపడ్డాడు. “నేను ఎగ్ కూడా తినను అంకుల్!”

అప్పటికి నవ్వులు ఆగాయి. జగదీష్ భీమశంకరం భుజం మీద చెయ్యేసి చేపల గాలాలు వేలాడే మూలకి తీసుకెళ్ళాడు.

“చూడండి భీమశంకరం గారూ, మీరు వినలేదనుకోండి. నేను యెస్ అని టిక్ పెడతాను, మీరు కన్నెత్తి చూడకండి. ఎవరికి తెలుస్తుంది? మీ లీజ్ సంగతి కూడా నాకు తెలుసు. మన తెలుగు అసోసియేషన్‌లో ఆరువందల ఫ్యామిలీలు. ఒక్క మెసేజ్ పెడితే మీ షాపు ముందు క్యూ కడతారు. సేఫులు, క్లాసులు, అన్నీ మీ దగ్గరే. సరేనా?” అంటూ వ్యాన్‌లోంచి తెప్పించిన మామిడిపళ్ళ పెట్టె ఒకటి కౌంటరు మీద పెట్టాడు. “ఇది మీకు. కాంప్లిమెంటరీ.”

ఆయనకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఆరువందల కుటుంబాల్లో నూటికి పది మంది వచ్చినా ఐదేళ్ళ లీజుకి కళ్ళు మూసుకుని సంతకం పెట్టొచ్చు. పెన్ను కౌంటరు మీద అందుబాటులోనే ఉంది. తను చేయాల్సిందల్లా చెవుల్లో దూది పెట్టుకోవడం, అదేమో ఆయనకు బాగా వచ్చిన పనే. గోడ మీద స్వామివారి వైపు చూశాడు, పక్కనున్న లైసెన్సు వైపు చూశాడు. హార్లన్ భుజం తట్టిన రోజు గుర్తొచ్చింది. ఆ రిజిస్టరులో తన చేత్తో రాసిన అబద్ధం ఒక్కటుంటే ఈ షాపు ఉన్నా తనది కాదనిపించింది. కౌంటరు దగ్గరికొచ్చి పెన్నుకి మూత పెట్టేశాడు.

“విన్నానండీ. విన్నది వినలేదని రాయడం నాకు చేతకాదు.”

“పోనీ నాది ఒక్కటన్నా ఇవ్వండి!”

“ఆర్డరంతా ఒకటే. ఇక ఇందులోంచి ఏదీ నా చేతుల మీదుగా కదలదు. సోమవారం అన్నీ వెనక్కి పంపిస్తాను.”

జగదీష్ మొహం మాడిపోయింది. కౌంటరు మీదున్న మామిడిపళ్ళ పెట్టె ఎత్తుకుని బయటికి నడిచాడు. కాంప్లిమెంటరీ అన్న మాట మరి ఏమైందో.

వాపసు తీసుకున్నందుకు కంపెనీవాడు చార్జీ కోసుకున్నాడు. దాన్ని పదకొండు భాగాలేసి పంచుకోడానికి గ్రూపులో వారం రోజులు కొట్టుకున్నారు. ఫ్రీగా వచ్చిన పదకొండోదానికి తను ఎందుకు కట్టాలని ఒకాయన వాదన. ఆ కోపమంతా చివరికి షాపు మీద పడింది. ఇంటర్నెట్ రివ్యూల్లో పది ఒంటి నక్షత్రాలు వెలిశాయి. ‘ఓనరు అనవసరమైన ప్రశ్నలు వేస్తాడు.’ ‘సొంత మనుషులకే సాయం చేయడు.’ ‘పార్కింగ్ బాగోలేదు.’ వీళ్ళలో ఆ షాపులో డాలరు ఖర్చుపెట్టినవాడు ఒక్కడూ లేడు. ఉన్న అమెరికన్ గిరాకీలు కూడా ఆ నక్షత్రాలు చూసి పల్చబడ్డారు.

ఒకటి మాత్రం మారింది. తర్వాతి పాట్‌లక్కులో ఎవరో జయంతిని, “మీవారు ఏం చేస్తారండీ?” అని అడిగితే, ఆవిడ పులిహోర గరిటె పక్కన పెట్టి, “తుపాకుల షాపండీ. చట్టం ప్రకారం అమ్ముతారు,” అంది.  ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పింది. ఆ రాత్రి భీమశంకరం రెండుసార్లు పెరుగన్నం పెట్టించుకున్నాడు.

జూన్ మొదట్లో కౌశిక్ ఒక్కడే షాపుకొచ్చాడు. చేతిలో స్వీటు డబ్బా.

“అంకుల్, గ్రీన్‌కార్డ్ కోసం లాయర్‌తో కాల్ ఉండె. మాటల్ల మాట ఈ ముచ్చట చెప్పిన.  ఆ గన్ నీ ఇంటికొచ్చి ఉంటే గ్రీన్‌కార్డ్ కాదు, డైరెక్ట్ ఇండియా ఫ్లైటే అన్నది ఆమె. మీరు బతికించిన్రు.”

భీమశంకరం స్వీటు డబ్బా అందుకున్నాడు. “గ్రూపులో చెప్పావా మరి?”

“చెప్పిన. అందరూ థంబ్స్ అప్ పెట్టిన్రు.”

“నువ్వు పెట్టిన నక్షత్రం?”

కౌశిక్ గుమ్మం వైపు చూశాడు. “ఆ అకౌంట్ పాస్‌వర్డ్ యాదికి లేదు అంకుల్.”

జూన్ ఇరవై తారీఖున షాపు అద్దానికి ‘మూసేస్తున్నాం’ అని కాగితం అంటించాడు. సరుకంతా వేరే డీలరు కొనుక్కుపోయాడు. మిగిలింది గాజు కౌంటర్లు, మెట్ల స్టాండ్లు, లైట్లు, ఒక పెద్ద సేఫు. అన్నిటికీ సగం ధర. ఆ మాట గ్రూపుకి ఎలా చేరిందో గానీ, ఆ శనివారం పదకొండు మందీ వచ్చారు. భీమశంకరం ఐదేళ్ళు కలగన్న క్యూ అది, షాపు మూసే రోజుకి వచ్చింది. జగదీష్ మెట్ల స్టాండుని దసరా బొమ్మల కొలువుకని బేరమాడి, సేఫుని బంగారానికని బేరమాడి, సగంలో ఇంకో సగం తగ్గించాక, పనివాళ్ళు దాన్ని వ్యానులోకి ఎక్కిస్తుంటే చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

భీమశంకరం కిందకూర్చుని రిజిస్టర్లు అట్టపెట్టెలో సర్దుతున్నాడు. షాపు మూస్తే అవన్నీ ఫెడరల్ ఆఫీసుకి పంపాలి. ఒక్కో పుస్తకం చివరిసారి తెరిచి, ఒక పేజీ చూసి, మూసి పెడుతున్నాడు. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. 

“అది సరే గానీ భీమశంకరం గారూ,” అన్నాడు జగదీష్. “ఈసారి రూలు ప్రకారం నా ఒక్కడి పేరు మీదే ఒకటి ఆర్డర్ పెడదామనుకుంటున్నా. మీరు లేకపోతే ఇకమీదట ఎక్కడికి తెప్పించుకోవాలండీ?”

“ముప్పై మైళ్ళ అవతల ఒక షాపుంది. అడ్రసు రాసిస్తాను. ట్రాన్స్‌ఫర్ ఫీజు డెబ్భై అయిదు.”

“డెబ్భై అయిదా!” జగదీష్ నోరు వెళ్ళబెట్టాడు. “అన్యాయం కదండీ! మీరు థర్టీయేగా తీసుకునేవారు?”

“అవునండీ,” అన్నాడు భీమశంకరం, నల్ల ఇంకు పెన్నుతో అడ్రసు గుండ్రంగా రాస్తూ. “నేను ముప్పైయే తీసుకునేవాణ్ణి.”

కాగితం జగదీష్ చేతిలో పెట్టి, పెట్టెకి టేపు వేయడానికి మళ్ళీ కిందకూర్చున్నాడు.